పాఠకుల ప్రశ్నలు: గిరీశం మాటకారితనాన్ని పాఠంగా చెప్పడమెలా?

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు ‘కన్యాశుల్కం’ చెబుతున్నాను. గిరీశం మాటలకు పడీపడీ నవ్వుతారు. అవి ఎదుటివాళ్లను ఎలా బుట్టలో వేశాయో రాయమంటే మాత్రం ‘తియ్యగా మాట్లాడాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు.
– తెలుగు ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: మేడమ్, గిరీశాన్ని కాసేపు పక్కన పెట్టి వినేవాళ్లను చూపించండి. అలంకారాల పేర్లు ఇప్పుడే వద్దు. కృష్ణరాయపురంలో గిరీశం శిష్యుడు వెంకటేశం తల్లి వెంకమ్మ, ఆ ఇద్దర్నీ ‘ఇంగిలీషు మాట్లాడండి’ అని అడిగే ఘట్టం ఒక్కటి 45 నిమిషాల పీరియడుకు చాలు. ముగ్గురి చేత చదివించి, నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయించండి: వినేవాళ్లకు ఏం కావాలి, చెవిన ఏం పడింది, ఏం దాచారు. వెంకమ్మకు కావలసింది కొడుక్కి చదువు వంటబట్టిందన్న భరోసా. చెవిన పడినవి ఒక పసిపిల్లల ఇంగ్లీషు పద్యం, రేఖాగణితం ముక్క. దాచింది వెంకటేశం పరీక్ష తప్పిన సంగతి. మూడో గడి నిండేసరికి నవ్వు దానంతటదే తగ్గుతుంది.

పిల్లలు తప్పటడుగు వేసేది ఇక్కడే: ‘వెంకమ్మ అమాయకురాలు’ అని రాసేస్తారు. ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. ఇంగ్లీషు చదువు సర్కారు కొలువుకు దారిగా ఉన్న కాలమది. అర్థంలేని మాటల్ని గెలిపించింది ఆ భాషకున్న హోదా. ఈ సంగతి ముందే చెప్పండి.

వెంకమ్మ భర్త అగ్నిహోత్రావధాన్లకు వ్యాజ్యాల పిచ్చి. వెంకమ్మ ముందు పారిన పాచిక ఆయన ముందు పారుతుందా? ఐదారు సంభాషణలుగా పిల్లల్నే రాయమనండి. పారదని వాళ్లే కనిపెడతారు.

ప్రశ్న: ‘చెల్లియొ చెల్లకొ’ పద్యం విన్నా దుర్యోధనుడు లొంగలేదు కదా, దాన్ని ఒప్పించే మాటకు ఉదాహరణగా చెప్పొచ్చా?
– రాజాం పాఠకుడు

జవాబు: భేషుగ్గా చెప్పొచ్చు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ నాటకంలో పాండవుల రాయబారిగా కౌరవ సభకు వచ్చిన కృష్ణుడు ముందు పాత కీడును ‘గతించె’ అని పక్కకు నెడతాడు. ఆపైన పిల్లల్నీ ప్రజల్నీ గుర్తుచేస్తాడు. చివర సంధో రణమో తేల్చమంటాడు, మూడో దారి ఉంచడు. వింటున్నది సభంతా కాబట్టి, కాదంటే నింద దుర్యోధనుడిదే. రాగం తీస్తే పిల్లల ధ్యాస పాట మీదికే పోతుంది. ముందు వచనంలా, విరుపు దగ్గర ఆగుతూ చదివించండి. హార్మోనియం తర్వాత.