కాలం గడిచేకొద్దీ పినో న్వార్ అనే ఎర్రవైనులో మీకు నచ్చే రుచి మారిందా? మారితే ఎలా?

మారింది. అయితే "మొదట్లో తెలియక చవకవి తాగేవాణ్ణి, ఇప్పుడు తెలిసి మంచివి తాగుతున్నాను" అన్నంత సూటిగా ఏమీ మారలేదు. మధ్యలో డబ్బు తగలేసిన రోజులున్నాయి. పాడైన సీసాను నలుగురిలో తెగ మెచ్చుకున్న రోజు కూడా ఉంది.

నేనుండేది అమెరికాలో, ఆరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో. కంప్యూటర్ చిప్పుల కంపెనీల పుణ్యమా అని ఇక్కడ తెలుగువాళ్ళకు కొదవ లేదు. కాస్త దూరం కారులో పోతే విలామెట్ లోయ ద్రాక్షతోటలు వస్తాయి. అక్కడ అన్నిటికన్నా ఎక్కువ పండించేది పినో న్వార్ ద్రాక్షే. నేను వచ్చిన కొత్తలో సీసా మీది పేరును 'పినాట్ నాయిర్' అని చదివితే మా బావ "ఈ నాయర్ ఎవర్రా, మలయాళీనా?" అన్నాడు. న్వార్ అంటే ఫ్రెంచిలో నలుపు. పేరులో నలుపున్నా గ్లాసులో పోస్తే ఎరుపే, అదీ వెలుతురు అటునుంచి ఇటు కనిపించేంత ఎరుపు. తొక్క పలుచన కాబట్టి రంగూ వగరూ తక్కువ దిగుతాయి. నా తిప్పలన్నీ ఆ పలుచదనం దగ్గరే మొదలయ్యాయి.

మా బావ వాళ్ళది శాన్ హోసే. వచ్చినప్పుడల్లా కాలిఫోర్నియా రష్యన్ రివర్ వ్యాలీ సీసాలు తెచ్చేవాడు. బాగా మగ్గిన చెర్రీపండు రుచి, పద్నాలుగున్నర శాతం ఆల్కహాలు, కొత్త ఓక్ పీపాలనుంచి దిగిన వెనిల్లా, లవంగం. మొదటి గుక్కకే నోరు నిండిపోయేది. నాలుగైదేళ్ళపాటు నాకు పినో అంటే అదే. ఆరెగన్‌వి తాగినా అలాంటివే వెతుక్కుని తాగేవాణ్ణి.

2014లో ఇక్కడొక చిన్న వైనరీకి వెళ్ళాం. ఒకే తోటలో పండిన 2011, 2012 పంటలను పక్కపక్కన పోశారు. 2011 ఇక్కడ బాగా చల్లటి ఏడు. కాయ పండటమే ఆలస్యమై కొన్ని తోటల్లో కోత నవంబరు దాకా సాగింది. 2012 వెచ్చగా, పొడిగా నడిచింది. గ్లాసుల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. 2012ది చిక్కటి రంగు, నేరేడుపండు తిన్నట్టు నోరంతా పరుచుకుంది. 2011ది దానిమ్మ గింజలు పిండిన నీళ్ళలా ఉంది. పులుపు, ఏదో సన్నటి వాసన, అంతే. "అయిపోయిందా?" అన్నాను మా ఆవిడతో. 2012వి ఆరు కొన్నాం. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ "ఇవీ ఓ రెండు తీసుకెళ్ళండి, తొందరపడి తెరవకండి" అంటే మొహమాటానికి 2011వి రెండు పట్టుకొచ్చాం. పలుచగా ఉన్నందుకు దాన్ని పలుచన చేశానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

2012వి ఐదు సీసాలు మూడేళ్ళలో ఖాళీ అయ్యాయి. మిగిలిన మూడూ గరాజ్‌లో ఓ మూల పడున్నాయి. 2021 జూన్ చివర్లో పోర్ట్‌లాండ్‌లో ఎండ 46 డిగ్రీలు దాటిందే, అప్పుడు సీసాలు ఉడికిపోతాయని భయపడి ముందే ఇంట్లోకి మోసుకొచ్చాను. ఎలాగూ బయటికి తీశాం కదా అని ఆ వారాంతం రెండు పంటలనుంచీ ఒక్కోటి తెరిచాం.

2012ది బాగానే ఉంది. కానీ ఒక గ్లాసు తాగాక ఇక చాలనిపించింది, పండగనాడు రెండో బొబ్బట్టు తిన్నాక అనిపిస్తుందే, అలా. 2011ది రంగు అంచుల్లో ఇటుకలా మారింది. ఎండిన గులాబీ రేకులు, పుట్టగొడుగులు, తొలకరికి తడిసిన ఆకుల వాసన. పులుపు అలాగే ఉంది, కాకపోతే ఈసారి అది గుచ్చలేదు, మిగతావాటిని నిలబెట్టింది. సీసా అడుగున మడ్డి కనిపించేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

అప్పుడు నాకు తట్టిన పోలిక చారు. దప్పళం చిక్కగా, తియ్యతియ్యగా, ముక్కలతో నిండుగా ఉంటుంది. చిన్నప్పుడు నాకు అదే ఇష్టం. చారులో ఏముంటుంది, చింతపండు నీళ్ళే కదా అనుకునేవాణ్ణి. కానీ మిరియం, జీలకర్ర, ఇంగువ, కొత్తిమీర ఒక్కొక్కటిగా తెలిసేది చారులోనే. చారు పలుచగా ఉందని ఎవరూ వంక పెట్టరు, చప్పగా ఉంటే పెడతారు. పినోలో నేను ఏళ్ళ తరబడి ఆ రెండింటినీ ఒకటే అనుకున్నాను.

ఇక్కడొక మెలిక ఉంది. మారింది నేనా, సీసాలోని వైనా? వయసు పెరిగేకొద్దీ వైనులో తాజా పండు వాసన తగ్గి మట్టి, ఆకు, తోలు లాంటి వాసనలు పైకొస్తాయి. రంగు, వగరు కొంత మడ్డిగా దిగిపోతాయి. అంటే 2014లో నేను తాగినదీ 2021లో తాగినదీ ఒకే వైను కాదు. అందుకని వెంటనే వెళ్ళి ఈ లోయలోనే ఉన్న ఇయోలా-అమిటీ కొండలనుంచి కొత్తగా విడుదలైన సన్నటి పినో ఒకటి కొన్నాను. వాన్ డ్యూజర్ కనుమగుండా సముద్రపు గాలి సాయంత్రాలు ఆ కొండలను చల్లబరుస్తుంది, అందుకే పులుపు నిలుస్తుంది. అది పచ్చిదే అయినా నాకు నచ్చింది. కాబట్టి మార్పులో సగమైనా నాదే అని లెక్క తేల్చుకున్నాను.

ఆ ఊపులో ఈ లోయ కథ చదివితే సిగ్గేసింది. 1965లో డేవిడ్ లెట్ ఇక్కడ పినో మొక్కలు నాటాడు. ఈ చలికి ద్రాక్ష పండదని చాలామంది అన్న కాలం. ఆయన 1975 వైను 1979లో పారిస్‌లో జరిగిన పోటీలో పినోల మధ్య మొదటి పదిలో నిలిచింది. నమ్మలేక, ఫ్రాన్సులో పినోకు పేరుపడ్డ బర్గండీ ప్రాంతపు వైను వ్యాపారి రాబర్ట్ డ్రూఅ మరుసటి ఏడు మళ్ళీ పోటీ పెట్టిస్తే రెండో స్థానం వచ్చింది. మొదటిది డ్రూఅ సొంత 1959 షాంబోల్-ముసిన్యీ, బర్గండీలోని ఆ పేరుగల ఊరి వైను. చివరికి 1987లో డ్రూఅ కుటుంబమే వచ్చి డండీ కొండల ఎర్రమట్టిలో భూమి కొంది. లెట్ వైన్లు లేతరంగువి, సన్ననివి. నేను "అయిపోయిందా?" అన్న రకమే.

ఆ తర్వాత అందరిలాగే బర్గండీ పిచ్చి పట్టింది. ఈ దశ గురించి ఎక్కువ చెప్పను, జేబుకు నొప్పి. అక్కడి పేరున్న ఊరని జెవ్రే-షాంబెర్తాఁ వైను కొని, రెండేళ్ళకే తెరిచి, మూసుకుపోయిన తలుపులాంటి దాన్ని "అబ్బ, ఎంత లోతు" అంటూ తాగాను. అంతకన్నా ఘోరం ఇంకోటి. మిత్రుల ముందు ఓ సీసా తీసి, వాసన చూసి "ఇదీ మట్టి వాసనంటే" అన్నాను. ఒక స్నేహితురాలు మెల్లగా "అన్నయ్యా, ఇది తడిసిన అట్టపెట్టె వాసన, బిరడా పాడైంది" అంది. నిజమే. మట్టి వాసన మీద మోజులో తప్పుకూ గుణానికీ తేడా మరిచాను. 2020 సెప్టెంబరు కార్చిచ్చుల పొగ తగిలిన ఆ ఏటి ఎర్రవైను ఒకటి తాగినప్పుడు మాత్రం మోసపోలేదు. మింగాక నోట్లో పొయ్యిబూడిద మిగిలింది.

ఇప్పుడు? ఆల్కహాలు పదమూడు శాతం చుట్టుపక్కల ఉండేవి, కొత్త పీపాల వాసన తక్కువున్నవి కొంటాను. బర్గండీలో పెద్ద పేర్లు వదిలేసి సావిన్యీ-లే-బోన్ లాంటి ఊళ్ళవి, జర్మనీవి (అక్కడ దీన్నే ష్పేట్‌బుర్గుండర్ అంటారు) చూస్తున్నాను. అలాగని రష్యన్ రివర్ మీద కోపం లేదు. డిసెంబరు వానల్లో, బావ వచ్చినప్పుడు, అదే హాయి. నేను లేతది పోస్తే "ఏరా, నీళ్ళు కలిపావా?" అంటాడు. ఆయన నాలుక ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది, సుఖంగా ఉంది. నాదే గొప్పదని నేననుకోను.

మీరూ చూసుకోవాలనుకుంటే నచ్చినవి రెండు, నచ్చనిది ఒకటి కొని, తారీఖు వేసి, చల్లటి చీకటి అలమరలో పెట్టండి. తాగేముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పద్నాలుగు, పదిహేను డిగ్రీల దగ్గర తాగితేనే సన్నటి పినో మాట్లాడుతుంది, మన హాలు వేడికి ఆల్కహాలొక్కటే ముక్కుకు తగులుతుంది. తోడుగా కారం తగ్గించిన పుట్టగొడుగుల కూరో, కాల్చిన సాల్మన్ చేపో బాగుంటుంది. కారానికి ఆల్కహాలు తోడైతే మంట ఇంకా పెరుగుతుంది. అది తెలియక పద్నాలుగున్నర శాతం సీసా పక్కన నాటుకోడి పులుసు పెట్టి నేనొకసారి రెండిటినీ పాడుచేశాను. ఆవకాయ జోలికి మాత్రం ఏ పినోనూ తీసుకెళ్ళకండి.