తమ్ముణ్ణి రీహాబ్‌లో వేసే ముందు, డిశ్చార్జి తర్వాత సంగతి అడగండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తమ్ముడికి బ్రౌన్ షుగర్, అంటే కల్తీ హెరాయిన్ పొడి, అలవాటైంది. ఎవరో సెంటర్ వాళ్లు "మూడు నెలలు మా దగ్గర వదిలేయండి, మనిషిని మార్చి ఇస్తాం" అన్నారు. నాన్నగారు సరేనంటున్నారు, మీకు మాత్రం మనసొప్పడం లేదు. పైగా పోలీసు కేసవుతుందేమోనని భయం. నేనూ అదే పొడి వాడినవాణ్ణి. మీరు చెప్పినలాంటి సెంటర్లోనూ ఉన్నాను, తర్వాత ఆసుపత్రి వార్డులోనూ ఉన్నాను. డాక్టర్ని కాదు కాబట్టి మోతాదుల జోలికి వెళ్లను.

ముందు కేసు సంగతి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఆ భయంతోనే ఏళ్లు గడిచిపోతాయి. మత్తుపదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకో, స్వల్ప పరిమాణం దొరికినందుకో కేసు పడిన వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వాసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్స తీసుకుంటే ఆ నేరాలకు ప్రాసిక్యూషన్ ఉండదు. హెరాయిన్‌కి స్వల్ప పరిమాణం అంటే 5 గ్రాములు. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ తీసేయొచ్చు. అమ్మకంలో కూడా చెయ్యి ఉంటే మాత్రం లాయర్‌తో మాట్లాడాల్సిందే. నేను ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఏం వాడావు, ఎంత వాడావు, ఎన్ని గంటలైంది అని అడిగారు. ఎవరి దగ్గర కొన్నావని ఎవరూ అడగలేదు.

ఇక ఆ మూడు నెలల సెంటర్. నన్ను చేర్పించింది అలాంటి చోటే, ఊరి బయట అద్దె ఇంట్లో. రాత్రిపూట బండి వేసుకొచ్చి నలుగురు ఎత్తుకెళ్లారు. హెరాయిన్ ఆపిన ఎనిమిది, పన్నెండు గంటల్లో మొదలవుతుంది: ఆగని ఆవలింతలు, ముక్కూ కళ్లూ కారడం, ఒళ్లంతా గగుర్పాటు. రెండో రోజు, మూడో రోజు పరాకాష్ఠ. వాంతులు, విరేచనాలు, ఎముకల్లోంచి వచ్చే నొప్పి, కాళ్లు వాటంతటవే తన్నుకోవడం, నిద్ర అన్నది లేకపోవడం. వాడేవాళ్లు దాన్ని 'టర్కీ' అంటారు. అక్కడ దానికి మందు లేదు, "భరించు, బుద్ధొస్తుంది" అనే మాట తప్ప. ఒంట్లో నీరు పోయి మనిషి ప్రమాదంలో పడొచ్చన్న సంగతి వాళ్లకు తెలుసో లేదో మరి. తర్వాత మిగిలిన రోజులన్నీ గిన్నెలు తోమడం, ప్రతిజ్ఞలు చదవడం. ఇంటికి ఫోన్ చేస్తే పక్కన మనిషి నిలబడేవాడు.

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కింద మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యంలోకే వస్తాయి. అంటే అలాంటి రోగుల్ని ఉంచుకుని వైద్యం చేసే చోటు రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. రోగి ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే 89వ సెక్షన్ ఉంది: ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా చూసి అవసరమని తేల్చాలి, అదీ మొదట 30 రోజుల దాకానే. గొలుసులతో కట్టడం ఎలాంటి పరిస్థితిలోనూ కుదరదు. సర్టిఫికెట్ చూపించమనండి. నసిగితే అక్కణ్ణించి వచ్చేయండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఒంట్లోంచి హెరాయిన్ పోవడానికి వారం, పది రోజులు చాలు. దాన్నే పూర్తి చికిత్స అని అమ్మేవాళ్లు ఎక్కువ. కానీ ఆ వారంలోనే ఇంకోటి కూడా పోతుంది, ఎక్కువ మోతాదుని తట్టుకునే ఒంటి అలవాటు, డాక్టర్లు టాలరెన్స్ అంటారు. మూడు నెలల తర్వాత ఇంటికొచ్చినవాడు పాత లెక్కలో ఒక్కసారి తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మాతోపాటు ఆ ఇంట్లో ఉన్న ఒక కుర్రాడు అలాగే పోయాడు. సెంటర్ వాళ్లు వాళ్ల నాన్నకి డిశ్చార్జి రోజున స్వీట్ బాక్స్ ఇచ్చి పంపారు, ఈ ముక్క మాత్రం చెప్పలేదు. అందుకే చేరేరోజే అడగండి, బయటికొచ్చాక ఏ మందు, ఎవరిస్తారు, ఎన్నాళ్లు అని. జవాబు లేని చోట ఎన్ని నెలలుంచినా దండగే, నా అభిప్రాయంలో.

ఆసుపత్రి వార్డులో నాతో అమ్మ అటెండెంట్‌గా ఉంది. మొదట రక్తపరీక్షలు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ. సూదితో వాడినవాళ్లకు ఇవి తప్పవు. హెపటైటిస్ సీకి ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా మందులిస్తారు, నయమవుతుంది కూడా. తర్వాత హెరాయిన్ బదులుగా డాక్టర్లిచ్చే మందు, బ్యుప్రెనార్ఫిన్, నాలక్సోన్ కలిసిన మాత్ర, నాలుక కింద పెట్టుకునేది. వెంటనే ఇవ్వలేదు. విత్‌డ్రాయల్, అంటే ఇందాక చెప్పిన ఆ 'టర్కీ' బాధ, బాగా మొదలయ్యేదాకా ఆగమన్నారు, అప్పుడు తిట్టుకున్నాను. ఇంకా హెరాయిన్ ఒంట్లో ఉండగా ఇస్తే ఆ మాత్రే విత్‌డ్రాయల్‌ని ఒక్కసారిగా తెచ్చిపెడుతుందట. సమయం చూసి ఇచ్చాక ఆ రాత్రి పడుకున్నాను. మలబద్ధకం మాత్రం వదల్లేదు, మజ్జిగ, ఆకుకూరలతోనే నెట్టుకొచ్చాను.

ఇక్కడ మీకు బంధువుల పోరు మొదలవుతుంది: "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు పట్టిస్తున్నారు" అని. మా బాబాయి ఇప్పటికీ అంటాడు. ఆ మాత్ర వేసుకుని నేను ఉద్యోగానికి వెళ్తున్నాను, అప్పు తీర్చాను, సరుకు కోసం ఎక్కడా నిలబడటం లేదు. బీపీ మాత్ర ఏళ్లతరబడి వేసుకునే బాబాయికి అంతకంటే ఏం చెప్తాం. కొందరికి నాల్ట్రెక్సోన్ సరిపోతుంది, అది మత్తు కాదు, పొడి తీసుకున్నా కిక్ ఎక్కనివ్వదు. కానీ హెరాయిన్ జాతి మందు (ఓపియాయిడ్) ఏదీ లేకుండా కనీసం వారం, పది రోజులు గడిచాకే మొదలుపెడతారు, ఇంట్లో ఒకరు రోజూ దగ్గరుండి వేయించాలి. ఏది మీ తమ్ముడికి పనికొస్తుందన్నది డాక్టరే తేల్చాలి.

ఒక చిక్కు ముందే చెప్తాను. బ్యుప్రెనార్ఫిన్-నాలక్సోన్ మామూలు మెడికల్ షాపులో దొరకదు, డీఅడిక్షన్ (మత్తు మాన్పించే) సెంటర్లకే సరఫరా చేస్తారు. కాబట్టి మీ ఊరికి దగ్గర్లో దాన్ని ఇచ్చే ఓపీ ఉందో లేదో చేర్పించకముందే కనుక్కోండి.

లోపల ఉండటం వల్ల లాభం లేదని నేననను. అమ్మేవాడి నంబరు, ఆ దోస్తులు, ఆ సందు, వీటి నుంచి కొన్ని వారాలు దూరం దొరకడం చిన్న విషయం కాదు. వేళకు తిండి, నిద్ర, కౌన్సిలర్‌తో కూర్చుని క్రేవింగ్, అంటే మళ్లీ వాడాలన్న తపన, ఎప్పుడెప్పుడు వస్తోందో రాసుకోవడం, అన్నీ పనికొచ్చాయి. నాకు జీతం పడిన రోజే గండం. అందుకని ఇంటికొచ్చాక సిమ్ మార్చి, కొన్నాళ్లు ఫోన్‌పే కూడా లేకుండా, బస్సు ఛార్జీలు అమ్మ దగ్గర తీసుకున్నాను. సిగ్గనిపించింది కానీ పనిచేసింది. మత్తు మానేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే నార్కోటిక్స్ అనానిమస్ మీటింగులకు కూడా వెళ్లాను. అందరికీ నచ్చకపోవచ్చు, నాకు ఆదివారాలు గడవడానికి సాయపడ్డాయి.

ఎక్కడికి వెళ్లాలంటే, 14446కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఈ వ్యసనాలకు ప్రత్యేక విభాగమే ఉంది. మంచం ఖాళీ ఉందో లేదో ముందు అడిగి బయల్దేరండి.

ఇంకోటి, ఈలోపు తమ్ముడు ఎప్పుడైనా లేపినా లేవకుండా, ఊపిరి బాగా నెమ్మదించి, పెదాలు నీలంగా కనిపిస్తే పరువు గురించి ఆలోచించకుండా 108కి ఫోన్ చేసి హెరాయిన్ అని చెప్పండి. దానికి విరుగుడుగా నాలక్సోన్ ఇంజెక్షన్ ఉంది. వాళ్లొచ్చేదాకా పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి పూర్తిగా ఆగితే ఏం చేయాలో ఫోన్లోనే చెప్తారు.

తమ్ముడు రానంటే ముందు మీరే ఓపీకి వెళ్లి మాట్లాడండి, ఇంటివాళ్లతో కూడా మాట్లాడతారు. "జైల్లా ఉంచరు, నొప్పికి మందిస్తారు" అన్న మాట అతనికి చేరేలా చూడండి. నేను రెండోసారి నా కాళ్లతో నేను వెళ్లింది ఆ మాట వినే.