ఆ ఎర్రబొట్టు జోలికి పోకు

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన బొమ్మలు చూశాను. నీకు రంగు పెట్టే చెయ్యి ఉంది, సంతోషం. కానీ అన్నింట్లోనూ అదే నల్లని స్త్రీ, నుదుట అదే పెద్ద ఎర్రబొట్టు, పక్కన అదే చిలక. చూసినవాళ్లు చిత్రకారుడు తోట వైకుంఠం గారినే తలుచుకుంటారు, నిన్ను కాదు. ఆయనంటే నాకూ ప్రాణమే. అందుకే ఆయన ఆ బొట్టు దాకా ఎలా వచ్చారో ముందు తెలుసుకోమంటున్నాను.

ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. ఊరికి వచ్చే నాటక బృందాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. వాళ్లు ఒంటికి పూసుకునే రంగులు చూస్తూ ఆయన పెరిగారు. హైదరాబాదులో చదివి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, చివరికి గీసింది మాత్రం తన తల్లిలాంటి పల్లె స్త్రీలనే. తొలినాళ్లలో బొగ్గుతో గీశారు. ఎరుపు, పసుపు అంత ధాటిగా వచ్చింది తరువాతే. ఆ స్త్రీలు నిండుగా అలంకరించుకున్నా ఒకరి మెప్పు కోసం నిలబడినట్టు ఉండరు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

రవివర్మ దారి వేరు. జడలో పూలు తురుముకుంటున్న నాయర్ స్త్రీ చిత్రానికి ఆయనకు 1873లో ఈ మద్రాసు ప్రదర్శనలోనే బహుమతి వచ్చింది. ఆయన తైలవర్ణాల్లో చర్మం మీద వెలుగు, చీర మడతలో నీడ మాట్లాడతాయి. వైకుంఠం దగ్గర గీత, ముద్దగా పరిచిన రంగు మాట్లాడతాయి. ఇద్దరి స్త్రీల తలలోనూ పూలున్నాయి, చూడు!

నువ్వూ పూల దగ్గరే మొదలుపెట్టు. మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి చుట్టూ పూలమ్మే ఆడవాళ్లున్నారు. ముందు ఒక మూర పూలు కొను, మాట కలుపు, గీయవచ్చా అని అడుగు. వద్దంటే లేచి వచ్చెయ్యి. ఫోనుతో ఫోటో తీసి ఇంట్లో గీయడం మానుకో. ఫోటోలో బరువు తెలియదు. దారం బిగించేటప్పుడు వేళ్లు ఎటు వంగుతాయి, గంటల తరబడి కూర్చున్న నడుము ఎక్కడ కుంగుతుంది, బేరం కుదరనప్పుడు గడ్డం ఎలా పైకి లేస్తుంది, ఇవి చూడు. ఆమె సింథటిక్ చీర కట్టుకుంటే దాన్నే గీయి, అందం కోసం నేత చీర కట్టబెట్టకు. ఒళ్లో ఫోనుంటే అదీ ఉండనీ. గీశాక ఆమెకే ముందు చూపించు. ముక్కు బాగా లేదంటే విను, ఆ ముఖం ఆమెది.

కొన్నాళ్లు బొగ్గు తప్ప మరేదీ పట్టుకోవద్దు. కాగితం చూడకుండానే ఆ కూర్చున్న తీరు చేతికి వచ్చినప్పుడు, ఆమె బుట్టలోనూ చీరలోనూ కనిపించినవాటిలోంచి రెండు మూడు రంగులు ఎంచుకుందాం.

శనివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. బొగ్గు చెరిగిపోకుండా కాగితాల మధ్య ట్రేసింగ్ పేపరు పెట్టి తీసుకురా. నీకు నచ్చనివి కూడా తీసుకురా, చింపెయ్యకు.

మీ అత్త,
మైలాపూరు, చెన్నై