బావగారి కారు రేడియో గురించి మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి అక్కయ్య ఫోను చేసింది. బావగారు పోయిన నాటి నుంచి షెడ్డులో దుమ్ము పట్టి ఉన్న స్కోడా ఆక్టేవియా కారుకు నువ్వు కాకినాడ నుంచి వచ్చి నీ చేత్తోనే కొత్త బ్యాటరీ వేశావనీ, ఇంజను మూడోసారికే అందుకుందనీ, రేడియో మాత్రం ‘సేఫ్’ అని చూపించి మొండికేసిందనీ చెప్పింది. వచ్చే ఆదివారం ఆ రేడియోను కూడా నువ్వే ఊడదీస్తావట. మన ఇంట్లో స్పానరు పట్టిన ఆడపిల్లవు నువ్వే కదా అని పొంగిపోయాను. కానీ ఆ రేడియోతో నాకున్న పాత చేదు అనుభవం గుర్తొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. ఆదివారానికి ముందే దీన్ని రెండుసార్లు చదువు.

మొదట తెలుసుకోవలసింది, రేడియో చెడిపోలేదు. పక్కింటివాళ్ళు కాలిపోయిందని చెబితే నమ్మకు. ఆ కాలంలో కార్లలోంచి రేడియోలు ఊడబెరికి అమ్ముకునే దొంగలు ఎక్కువగా ఉండేవారు కాబట్టి, కరెంటు తెగిన మరుక్షణం తాళం పడిపోయి, మళ్ళీ కరెంటు వచ్చాక నాలుగంకెల కోడ్ చెబితేనే పలికేలా కంపెనీవాళ్ళు వాటిని తయారుచేశారు. బ్యాటరీ తీసినంత మాత్రాన కోడ్ చెరిగిపోదు, అది రేడియో లోపలి చిప్పులో భద్రంగానే ఉంటుంది. నువ్వు యజమానివో కాదో తెలుసుకోవడానికి రేడియో నిన్ను ప్రశ్న అడుగుతోంది, అంతే. ఆ ప్రశ్నకు ఊహించి జవాబు చెప్పవద్దు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వివరంగా రాస్తాను. ఈ సంగతి మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2006 ఆగస్టు గోదావరి వరదలు నీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు రావులపాలెంలో నా కొట్టు బాగా నడుస్తోంది. కార్ల కరెంటు పనిలో నాకు తెలియనిది లేదన్న గర్వం కూడా ఉండేది. లంకల వైపు ఏటిగట్టును ఆనుకొని ఉన్న ఒక కొబ్బరి వ్యాపారి ఇంట్లో, బావగారిదిలాంటి కారే ఉండేది. మూడు రోజులుగా ఊళ్ళో కరెంటు లేదు. ఇంట్లో ట్రాన్సిస్టరు తడిసి మూగబోయింది. ఆ ఇంటి పెద్దాయన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంత ఉందో వినడం కోసం, గట్టు మీద నిలిపిన కారులో కూర్చుని, పొద్దస్తమానం విజయవాడ కేంద్రం వార్తలు వింటూ వచ్చాడు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో పుట్టినవాడికి ఈ మూడు అంకెలూ ఎక్కాల కంటే ముందు వస్తాయి. ఇంజను నడపకుండా అన్ని గంటలు వింటే ఏమవుతుంది? బ్యాటరీ దిగిపోయింది. నన్ను పిలిపించారు.

నేను వెళ్ళేసరికి ఇంజను తిప్పే బలం బ్యాటరీకి లేదు గాని, రేడియో మాత్రం సన్నగా పలుకుతూనే ఉంది. కొత్త బ్యాటరీని పక్కన పెట్టి, రెండు వైర్లతో ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపి, ఆ తరువాత పాతదాన్ని విప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కనీసం ‘ఈ రేడియోకు కోడ్ ఉందా, ఆ కాగితం ఎక్కడ పెట్టారు’ అని ఒక్క మాట అడిగి ఉన్నా సరిపోయేది. నేనేమో మైనస్సు టెర్మినల్ విప్పేశాను. రేడియో టప్పున ఆగిపోయింది. కొత్తది బిగించాక కోడ్ అడిగింది. తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాక, ముందు నాలుగు సున్నాలు నొక్కాను, తరువాత కారు నంబరు నొక్కాను. ఆ రకం రేడియోలకు రెండు తప్పులే హద్దు. ‘సేఫ్’ అని బిగుసుకుపోయింది.

అలా బిగుసుకున్న రేడియోను ఒక గంటసేపు ఆన్‌లోనే ఉంచి వదిలేస్తే, మళ్ళీ రెండు అవకాశాలు ఇస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, కానీ ఓపిక లేదు. పది నిమిషాలకోసారి ఆపి వేసి చూస్తూ, ఆ గంట పూర్తి కాకుండా నేనే అడ్డుపడ్డాను. సాయంత్రం చీకటి పడుతుండగా అరుగు మీంచి పెద్దాయన, ‘ఒరే అబ్బాయ్, ధవళేశ్వరం కాడ ఎంతుందంటరా’ అని మూడోసారి అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు, అదే నన్ను ఇంకా తొందరపెట్టింది. కోడ్ చీటీ రేడియో ఒంటి మీద అంటించి ఉంటుందేమోనన్న ఆశతో రెండు స్క్రూడ్రైవర్లు దూర్చి లాగాను. పక్క క్లిప్పు విరిగింది, డాష్‌బోర్డు గీరుకుపోయింది, ఏరియల్ వైరు మొదలంటా ఊడి వచ్చింది. ఆ రాత్రి ఆ ఇంట్లో నీటి లెక్క చెప్పే గొంతు లేకుండా పోయింది. ఇంటిల్లిపాదీ లాంతరు పట్టుకొని వంతులవారీగా గట్టు దాకా వెళ్ళి, పాతిన కర్ర దగ్గర నీళ్ళు ఎంత ఎక్కాయో చూసి వచ్చారు. వాళ్ళతో నేనూ తిరిగాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

తెల్లవారాక ఆ ఇంటి ఇల్లాలు, తడిసిన కాగితాలతో పాటు దండెం మీద ఆరేసిన కారు పుస్తకం తెచ్చి ఇచ్చింది. లోపలి అట్ట మీద చిన్న స్టిక్కరు, దాని మీద నాలుగంకెలు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొత్త రేడియోకు డబ్బు నేనే పెట్టుకున్నాను. నా దగ్గర లేకపోతే బావగారు సర్దారు. ఎందుకని అడగలేదు. నేనే సిగ్గు విడిచి చెప్పాను.

కాబట్టి, బుజ్జీ, షెడ్డులో కూర్చుని నీ పుట్టినరోజు, అక్కయ్య పెళ్ళిరోజు వరసగా నొక్కుతావని నాకు భయం. ఇప్పటికే ఎవరైనా నొక్కి ఉంటే దాచకుండా చెప్పు. గంటసేపు ఆన్‌లో ఉంచి తాకకుండా ఉంటే సరిపోతుంది. అయితే ఆ గంటలో కొత్త బ్యాటరీ దిగిపోకుండా చూసుకో, ఇంజను నడపవలసి వస్తే షెడ్డు బయట నడుపు. మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది.

ముందుగా కాగితాలు వెతుకు. డాష్‌బోర్డు అర, సర్వీసు పుస్తకం, కొన్ననాటి బిల్లుల కవరు. అవి దొరకకపోతేనే రేడియో తీయాలి. దాని ముఖం మీద సన్నని చీలికలు నాలుగు ఉంటాయి. వాటిలో దూర్చే పలచని ఉక్కు తాళాలు బజారులో చవకగా దొరుకుతాయి. నాలుగూ టక్కుమనే దాకా నెట్టి, రెండు వైపులా సమంగా లాగు. స్క్రూడ్రైవరు జోలికి వెళ్ళావంటే కాకినాడ వచ్చి చెవి మెలేస్తాను. ఏరియల్ వైరు పొడవు తక్కువ, చెయ్యి వెనక్కి పోనిచ్చి దాని మొదలు పట్టుకొని విప్పు. రేడియో ఒంటి మీద లేబులులో ‘ఎస్‌కేజెడ్’ అన్న అక్షరాలతో మొదలయ్యే పద్నాలుగు అక్షరాల సంఖ్య ఉంటుంది. దాన్ని ఫోనులో ఫోటో తీయి. చేత్తో రాసుకుంటే ‘బీ’ని ఎనిమిదిగా, సున్నాను ‘ఓ’గా రాసుకుంటావు.

ఆ సంఖ్యతో కంపెనీ షోరూముకు వెళితే కోడ్ వెతికి ఇస్తారు గాని, కారు నీదేనని రుజువు అడుగుతారు. అడగాలి కూడా. అడగకుండా ఇచ్చేవాడు దొంగకైనా ఇస్తాడు. ఆర్‌సీ ఇంకా బావగారి పేరునే ఉందని అక్కయ్య మాటను బట్టి అనిపించింది. అదే నిజమైతే ఫారం 31 పెట్టి, మరణ ధ్రువపత్రం జతచేసి, రవాణా కార్యాలయంలో మీ అమ్మ పేరుకో నీ పేరుకో మార్పించు. రేడియో కోసం కాకపోయినా అది చెయ్యవలసిన పనే. ఫోటోను మాత్రం, డబ్బు పంపితే క్షణంలో కోడ్ ఇస్తామనే ముక్కూ మొహం తెలియనివాళ్ళకు పంపకు.

కోడ్ దొరికాక తొందరపడకు. తెర మీద 1000 అని వస్తుంది. ఒకటో బొత్తాన్ని నొక్కుతూ పోతే మొదటి అంకె మారుతుంది, రెండోదానితో రెండో అంకె, అలా నాలుగో దాకా. నాలుగూ సరిచూసుకొని, కుడివైపు బాణం గుర్తున్న బొత్తాన్ని రెండు సెకన్లు దాటే వరకూ నొక్కి వదులు. కారు పుస్తకంలో ఇంకో విధంగా ఉంటే పుస్తకాన్నే నమ్ము, నన్ను కాదు.

ఇంత రాశాక ఇప్పుడు ఒకటి తట్టింది, ముసలితనం చూడు. ఆ వరద సంగతి చెప్పిన రోజు బావగారు గట్టిగా నవ్వి, లోపలికి వెళ్ళి తన కారు పుస్తకం తెచ్చి, అందులోని అంకెలను పంచాంగం అట్ట వెనక రాసుకున్నారు. కారు కొన్నది 2004లో, అది తారణ నామ సంవత్సరం. కొన్న ఏటి పంచాంగంలో రాస్తే మరిచిపోను అన్నారు. అది ఇంకొకరు చూడకూడని అంకె కదా అని నేను అటు మొహం తిప్పుకున్నాను, లేకపోతే ఇప్పుడు నీకు చెప్పి ఉండేవాణ్ణి. అక్కయ్య పాత పంచాంగాలను పారేసే మనిషి కాదు. దేవుడి గది గూటి పైఅరలో పసుపు గుడ్డ మూట ఉంటుంది, ముందు అది దింపు. స్టూలు కాలు ఒకటి వదులు, పక్కన ఎవరినైనా పట్టుకోమను.

దొరికితే ఫోను చెయ్యి, అంకెలు మాత్రం నాకు చెప్పకు.

ఇట్లు,
నీ మావయ్య