ఫ్రోజెన్ మామిడి ప్యాకెట్లకు స్మార్ట్ లేబుళ్లు వేయించాలా?

ప్రశ్న: బంగారుపాళ్యం దగ్గర మాకు చిన్న యూనిట్ ఉంది. తోతాపురి గుజ్జును డ్రమ్ముల్లో, ఫ్రోజెన్ ముక్కలను కిలో ప్యాకెట్లలో పంపుతాం. ప్రతి ప్యాకెట్‌కూ ఉష్ణోగ్రత చూపే, వంగే ఎలక్ట్రానిక్ లేబుల్ అంటించమని ఒక కంపెనీ ప్రతినిధి వెంటపడుతున్నారు. పెట్టుబడి పెట్టొచ్చా?

జవాబు: ప్రతి ప్యాకెట్‌కూ అయితే వద్దండీ. నేను చిత్తూరు దగ్గర ఒక జ్యూస్ ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూస్తాను. ఈ లేబుళ్లతో కొంత కుస్తీ పట్టాను.

డ్రమ్ములకు అసలు వద్దు. అసెప్టిక్ గుజ్జు, అంటే క్రిములు చచ్చేలా వేడిచేసి గాలి తగలకుండా సీలు చేసినది, మామూలు గోడౌన్‌లోనే నిల్వ ఉంటుంది. ఎండలో పడేస్తే రంగు మారుతుంది నిజమే, కానీ దానికి కావాల్సింది షెడ్డు, చిప్పు కాదు. డ్రమ్ముల లెక్క కోసం మా వాళ్లు ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే రేడియో తరంగాలతో దూరం నుంచే చదివే చిప్ ట్యాగులు, పెట్టాలనుకున్నారు. డెమోలో ఖాళీ అట్టపెట్టెల మీద ట్యాగులన్నీ రీడర్ టకటకా చదివింది. అవే ట్యాగులు ఇనుప డ్రమ్ముకు అంటిస్తే రీడర్ ఉలకదు, పలకదు. మన దేశంలో ఈ ట్యాగులు 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగాలను లోహం తిప్పికొడుతుంది, గుజ్జులోని నీరు పీల్చేస్తుంది. వెనక ఫోమ్ పొర ఉన్న ట్యాగులు తెప్పిస్తే చదివాయి గానీ, ధర విని ఓనరు ముఖం మాడ్చుకున్నారు. ఇప్పుడు క్యూఆర్ స్టిక్కరు, గేటు దగ్గర ఫోన్ స్కాన్, అంతే. జూన్‌లో మామిడి కొనుగోలు ర్యాంపుల నుంచి లారీలు వరసకట్టినా పని ఆగడం లేదు.

ఇక ‘వంగే ఎలక్ట్రానిక్స్’ అన్న మాట. మామూలు ఆర్‌ఎఫ్‌ఐడీ స్టిక్కరు కూడా వంగుతుంది: ప్లాస్టిక్ ఫిల్మ్ మీద అల్యూమినియం యాంటెన్నా, మధ్యలో ఇసుక రేణువంత సిలికాన్ చిప్. చిప్‌నే ప్లాస్టిక్ మీద తయారుచేయడం వేరే సంగతి. ఆర్మ్, ప్రాగ్మాటిక్ అనే చిప్ కంపెనీలు 2021లో అలా 32 బిట్ ప్రాసెసర్ చేసి చూపించాయి. మీ ప్రతినిధి అమ్ముతున్నది ఈ రెండింటిలో ఏదో అడగండి, సమాధానం సరదాగా ఉండొచ్చు.

అసలు చిక్కు బ్యాటరీ దగ్గర. బ్యాటరీ లేని ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్ ఆనిస్తే చదివే రకం) లేబుల్‌కు ఫోన్ దగ్గర పెట్టినప్పుడే ప్రాణం వస్తుంది, ఆ క్షణంలోని ఉష్ణోగ్రతే చెబుతుంది. రాత్రి డ్రైవరు డీజిల్ మిగుల్చుకుందామని రీఫర్ (లారీని చల్లబరిచే యంత్రం) ఆపేసి, పొద్దున మళ్లీ ఆన్ చేస్తే దానికేం తెలుస్తుంది? దారి పొడవునా రికార్డు కావాలంటే లేబుల్‌లో పలుచటి బ్యాటరీ ఉండాలి. అది మైనస్ 18 డిగ్రీల్లో ఎన్నాళ్లు పనిచేస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంత చేసి కిలో ప్యాకెట్ మీద మీకు మిగిలేదెంత?

నేనైతే ఒక్కో లోడుకు రెండు మూడు మామూలు డేటా లాగర్లు (దారి పొడవునా ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరాలు) పెడతాను. ఒకటి తలుపు దగ్గర తప్పనిసరి, ముందు వేడెక్కేది అక్కడే. ప్యాకెట్ మీదే గుర్తు కావాలంటే రంగు మారే రసాయన స్టిక్కర్లున్నాయి. పోలియో చుక్కల సీసా మీద వేడికి నల్లబడే చిన్న చతురస్రం చూసే ఉంటారు, 1996 నుంచి వాడుతున్నారు. అందులో చిప్పూ లేదు, బ్యాటరీ లేదు. ఫ్రోజెన్‌కు మాత్రం ఆ ఉష్ణోగ్రతకు తగ్గ రకమే తీసుకోవాలి.

మీ కొనుగోలుదారే ట్యాగ్ అడిగితే లెక్క మారుతుంది. అప్పుడు ఏ రకం కావాలో, అవతల ఎవరు స్కాన్ చేస్తారో, ఖర్చు ఎవరిదో ఆర్డర్‌లోనే రాయించుకోండి. లేబుల్ రోల్స్ కొనేముందు నిండు ప్యాకెట్లను ఫ్రీజర్‌లో పెట్టి, మంచు పట్టిన తర్వాత మీ ముందే చదివించమనండి.