టెక్ సందేహాలు: గ్రిడ్ కంప్యూటింగ్, వర్చువలైజేషన్ రెండూ ఒకటేనా?

సందేహం: గ్రిడ్ కంప్యూటింగ్ అంటే పెద్ద ఎత్తున చేసే వర్చువలైజేషనే అని ఒక పాఠంలో చదివాను. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమని ఇంకో పాఠంలో ఉంది. ఏది సరైనది? గ్రిడ్‌కు కచ్చితమైన నిర్వచనం ఏమైనా ఉందా?

సమాధానం: నిర్వచనం ఉంది. ముందు దాన్ని స్పష్టం చేసుకుంటే, మీరు చదివిన రెండు మాటలూ ఎక్కడ నిలుస్తాయో, ఎక్కడ తప్పుతాయో తేలిపోతుంది.

గ్రిడ్ అనే పేరును కంప్యూటర్ శాస్త్రవేత్తలు విద్యుత్ రంగం నుంచి తెచ్చుకున్నారు. స్విచ్ వేసినప్పుడు ఆ కరెంటు ఏ ఆనకట్ట దగ్గర పుట్టిందో, ఏ బొగ్గు కేంద్రం నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. గణన సామర్థ్యం కూడా అలాగే అందుబాటులోకి రావాలన్నది 1990ల మధ్యకాలపు ఆలోచన. 1995లో అమెరికాలో జరిగిన సూపర్‌కంప్యూటింగ్ సదస్సు కోసం 17 కేంద్రాల్లోని యంత్రాలను ఐ-వే అనే పేరుతో తాత్కాలికంగా కలిపి చూపారు. ఆ తరువాత ఇయాన్ ఫాస్టర్, కార్ల్ కెసెల్‌మన్ తదితరులు ఇలా దూరదూరంగా ఉన్న యంత్రాలను కలిపే గ్లోబస్ టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్‌ను అభివృద్ధి చేశారు. మాట ప్రచారంలోకి వచ్చాక, నాలుగు సర్వర్లను కలిపి అమ్మేవారు కూడా తమ సరుకును గ్రిడ్ అనే పిలుచుకోసాగారు. దాంతో 2002లో ఫాస్టర్ మూడు పరీక్షలు పెట్టారు: అందులోని వనరులన్నీ ఒకే అధికారం కింద ఉండకూడదు, అవి బహిరంగమైన, అందరికీ వర్తించే ప్రమాణాల ద్వారా మాట్లాడుకోవాలి, విడివిడిగా ఉన్నప్పటికంటే కలిసినప్పుడు చెప్పుకోదగ్గ సేవ అందాలి.

నా దృష్టిలో ఈ మూడింటిలో ప్రాణం మొదటిదే. ఒక గదిలో ఒకే రకం యంత్రాలు 500 ఉండి, వాటన్నిటికీ ఒకే నిర్వాహకుడు ఉంటే, అది ఎంత పెద్దదైనా క్లస్టరే అవుతుంది, గ్రిడ్ కాదు. యజమానులు వేరు, నియమాలు వేరు, యంత్రాలు వేరు అయినప్పుడే గ్రిడ్ అవసరం పుడుతుంది. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో కణాలను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ (ఎల్‌హెచ్‌సీ) ఇచ్చే సమాచారాన్ని విశ్లేషించే గ్రిడ్‌ను చూడండి. 40కి పైగా దేశాల్లోని సుమారు 170 కేంద్రాలు అందులో భాగస్వాములు. ఏ కేంద్రానికి ఆ కేంద్రం సొంత బడ్జెట్టుతో యంత్రాలు కొనుక్కుంటుంది, సొంత సిబ్బందిని పెట్టుకుంటుంది, ఎవరి పనికి ఎంత వాటా ఇవ్వాలో తన పరిధిలో తానే అమలు చేసుకుంటుంది. ఎక్కడో ఒక దేశంలోని పరిశోధకురాలు పంపిన పనిని ముక్కూముఖం తెలియని మరో దేశపు కేంద్రం స్వీకరించడానికి కారణం, ఆమె ఎవరో ధ్రువీకరించే డిజిటల్ సర్టిఫికెట్లను అన్ని కేంద్రాలూ నమ్మేందుకు ముందే కుదిరిన ఒప్పందం. గ్రిడ్‌లో సాంకేతికత ఎంతో, ఒడంబడిక అంతకంటే ఎక్కువ అని నేను అనడం ఇందుకే.

ఇక వర్చువలైజేషన్ గ్రిడ్ కంటే వయసులో చాలా పెద్దది. ఐబీఎం 1960ల చివరలోనే ఒక మెయిన్‌ఫ్రేమ్‌ను పలు వర్చువల్ యంత్రాలుగా చూపే వ్యవస్థను నడిపింది. 1972లో వీఎం/370 పేరిట దాన్ని అధికారికంగా విడుదల చేసింది. హైపర్‌వైజర్ అనే పలుచని సాఫ్ట్‌వేర్ పొర అసలు యంత్రానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య కూర్చుని, ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌కూ యంత్రం మొత్తం తనదేనన్న నమ్మకం కలిగిస్తుంది. మన పర్సనల్ కంప్యూటర్లలోని ప్రాసెసర్లను ఈ పద్ధతికి అనువుగా తయారు చేయలేదు కాబట్టి, 1999లో వీఎంవేర్ వచ్చి ఆ లోటును సాఫ్ట్‌వేర్‌తో పూడ్చేవరకు అక్కడ ఇది సాగలేదు. 2003లో జెన్ అనే మరో హైపర్‌వైజర్ వచ్చింది. 2005, 2006 సంవత్సరాల్లో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ప్రాసెసర్‌లోనే ఆ సదుపాయం కల్పించాయి. 2007లో లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే, కేవీఎం అనే హైపర్‌వైజర్ చేరింది.

ఇప్పుడు మీ పాఠాల సంగతి. వర్చువలైజేషన్ ఒక యంత్రాన్ని పలు యంత్రాలుగా చూపుతుంది, గ్రిడ్ పలు యంత్రాలను ఒకటిగా చూపుతుంది కాబట్టి రెండూ వ్యతిరేకం అన్నది పరీక్షల్లో మార్కులు తెచ్చే వాక్యమే గానీ, దాని రెండో సగం సరిగా లేదు. గ్రిడ్‌లో వెయ్యి యంత్రాలు చేరినంత మాత్రాన వాటి మెమరీ అంతా కలిసి ఒక మహా కంప్యూటర్ తయారు కాదు. మీరు పంపిన ప్రతి పనీ ఎక్కడో ఒక కేంద్రంలో, అక్కడి ప్రాసెసర్ మీదే, అక్కడున్న మెమరీకి లోబడే నడుస్తుంది. ఒకటిగా కనిపించేది మీరు పనిని అప్పగించే ద్వారం మాత్రమే. అందుకే గ్రిడ్ మీద బాగా నడిచేవి ముక్కలుగా విడగొట్టగలిగే పనులు. కొలైడర్‌లో జరిగే ప్రతి కణాల తాకిడీ మిగతావాటితో సంబంధం లేని ఘటన కనుక లక్ష తాకిడులను వంద చోట్ల విశ్లేషించవచ్చు. ప్రతి అడుగులోనూ పక్క గడి విలువ తెలిస్తే తప్ప ముందుకు కదలని వాతావరణ నమూనాను అలా చెదరగొడితే, లెక్క కంటే ఎదురుచూపే ఎక్కువవుతుంది.

గ్రిడ్ కూడా వర్చువలైజేషనే అన్న మొదటి పాఠం ఆ మాటను చాలా విశాలమైన అర్థంలో వాడింది. అసలు వనరును మరుగుపరచి, దాని స్థానంలో ఒక తార్కిక రూపాన్ని చూపడమే వర్చువలైజేషన్ అనుకుంటే అది తప్పు కాదు. అయితే ఆ లెక్కన ప్రతి ఫైల్ సిస్టమూ వర్చువలైజేషనే అవుతుంది. అంతటినీ కలుపుకునే నిర్వచనం దేనినీ విడమరచి చెప్పలేదు. గందరగోళానికి ఇంకో చిన్న కారణం కూడా ఉంది. గ్రిడ్ పరిభాషలో ఒకే లక్ష్యం కోసం వివిధ సంస్థల నుంచి చేరిన బృందాన్ని వర్చువల్ ఆర్గనైజేషన్ అంటారు. ఆ వర్చువల్‌కూ ఈ వర్చువలైజేషన్‌కూ చుట్టరికం లేదు.

అసలు చుట్టరికం వేరొక చోట ఉంది. తొలినాళ్ల గ్రిడ్‌ను పీడించిన చిక్కు ఒకటి ఉండేది. మీ ప్రోగ్రామును మీ లినక్స్ మీద, మీ దగ్గరున్న లైబ్రరీలతో (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడు ఫైళ్లతో) తయారు చేస్తారు. అది గంటల తరబడి క్యూలో నిలబడి, చివరికి ఎక్కడో ఒక కేంద్రంలో యంత్రం ఎక్కుతుంది. ఎక్కిన మరుక్షణమే ఫలానా లైబ్రరీ ఫైలు దొరకలేదన్న ఒక్క వరుస దోష సందేశం రాసి ఆగిపోతుంది. మీ యంత్రంలో అదే ప్రోగ్రాము నిక్షేపంగా నడుస్తూ ఉంటుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలు దీనికి విరుగుడుగా సైంటిఫిక్ లినక్స్ అనే ఒకే రకం ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడుకలోకి తెచ్చాయి. కానీ స్వతంత్ర యజమానులందరిచేతా ఒకే యూనిఫామ్ వేయించడం గ్రిడ్ స్వభావానికే కొంత విరుద్ధం కదా. దీనికి తోడు, ఎవరో రాసిన కోడును తమ యంత్రం మీద నడపనివ్వడానికి ప్రతి నిర్వాహకుడికీ ఉండే సహజమైన భయం సరేసరి.

ఈ రెండు చిక్కులకూ వర్చువల్ యంత్రమే మందు అని 2003లో రెనాటో ఫిగెరెడో, పీటర్ డిండా, జోసే ఫోర్టెస్ ఒక పరిశోధన పత్రంలో వాదించారు. ప్రోగ్రామును మాత్రమే కాకుండా, దానికి కావలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా మూట కట్టి పంపిస్తే, అవతలి యంత్రంలో ఏ లినక్స్ ఉన్నా ఇబ్బంది ఉండదు. అతిథి తన గది దాటి బయటికి రాలేడు కనుక యజమానికీ నిశ్చింత. మూట బరువు మాత్రం సమస్యగానే మిగిలింది, ఎందుకంటే గిగాబైట్ల కొద్దీ ఉండే డిస్క్ ఇమేజిని ప్రతి చోటికీ పంపడం చిన్న పని కాదు. సెర్న్ రూపొందించిన సెర్న్‌వీఎం దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టింది. చిన్న ఇమేజిని మాత్రమే ముందు పంపి, మిగతా ఫైళ్లలో ప్రోగ్రాము నిజంగా తెరిచిన వాటినే అప్పటికప్పుడు నెట్‌వర్క్ ద్వారా తెచ్చి, మళ్లీ కావలసివస్తుందని దగ్గర దాచి ఉంచుతుంది. నేడు చాలా కేంద్రాల్లో ఇదే పనిని కంటైనర్లు చేస్తున్నాయి. అవి కెర్నెల్‌ను ఇంటి యజమానితో పంచుకుంటాయి కనుక పూర్తి వర్చువల్ యంత్రం కంటే తేలిక.

అంటే వర్చువలైజేషన్ లేకుండా గ్రిడ్ ఉండగలదు, చాలా ఏళ్లు ఉంది కూడా. గ్రిడ్ లేకుండా వర్చువలైజేషన్ అంతకంటే ఎక్కువ ఏళ్లు ఉంది. వర్చువలైజేషన్ లేనిదే ఈ రూపంలో పుట్టలేకపోయేది క్లౌడ్. 2006లో అమెజాన్ ఈసీ2 జెన్ వర్చువల్ యంత్రాలను గంటల లెక్కన అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ప్లగ్గు పెడితే కరెంటు అన్న పాత కల నిజమైంది. కాకపోతే యంత్రాలన్నీ ఒకే యజమానివి, ఫాస్టర్ మొదటి పరీక్షలో అది నెగ్గదు. వాడకంలో సౌలభ్యం విషయంలో గ్రిడ్ క్లౌడ్ ముందు ఓడిపోయిందని ఒప్పుకోవలసిందే. గ్లోబస్ టూల్‌కిట్‌కు దాని రూపకర్తలే 2018లో మద్దతు నిలిపివేశారు. అయినా తమ యంత్రాలను తమ దగ్గరే ఉంచుకుని ఇతరులతో పంచుకోదలచిన పరిశోధన సంస్థలకు గ్రిడ్ ఇప్పటికీ పనికివస్తూనే ఉంది.

సందేహం: నా దగ్గర మూడు పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. వాటిని గ్రిడ్‌గా కలిపి వీడియో ఎడిటింగ్ వేగం పెంచుకోవచ్చా?

సమాధానం: మూడూ మీవే కాబట్టి అది గ్రిడ్ కాదు, చిన్న క్లస్టర్. టైమ్‌లైన్ మీద క్లిప్పులను కదిపే పనికి ఆ కలయిక వల్ల ఏ ప్రయోజనమూ లేదు. నాలుగేసి గిగాబైట్ల మెమరీలు మూడు కలిస్తే పన్నెండు కావు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ చేస్తుంటే మాత్రం సంగతి మారుతుంది. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున ఒక నిమిషానికి 1,800 ఫ్రేములు ఉంటాయి. సాధారణంగా ఏ ఫ్రేము రెండరింగూ, అంటే దాని తుది బొమ్మను తయారు చేసే పనీ, మరో ఫ్రేము మీద ఆధారపడదు. బ్లెండర్ బృందమే ఉచితంగా ఇచ్చే ఫ్లమెంకో అనే సాఫ్ట్‌వేర్ వాటిని మూడు యంత్రాలకూ పంచిపెడుతుంది. మూడింటిలోనూ బ్లెండర్ వెర్షన్ ఒకటే ఉండేలా చూసుకోండి.

సందేహం: ఖాళీగా ఉన్నప్పుడు నా కంప్యూటర్‌ను సైన్స్ పరిశోధనకు ఇద్దామని, వలంటీర్ల కంప్యూటర్లకు పనులు పంచే బోయింక్ అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేశాను. అందులో సెర్న్ వారి ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ ప్రాజెక్టులో చేరితే, వర్చువల్ యంత్రాలను నడిపే వర్చువల్‌బాక్స్ కావాలంటోంది. అది పెట్టాక కూడా పని నత్తనడక నడుస్తోంది. ఎందుకు?

సమాధానం: పైన చెప్పిన కథే మీ ఇంట్లో చిన్న రూపంలో జరుగుతోంది. ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ 2004లో మొదలైనప్పుడు విండోస్‌లోనూ నేరుగా నడిచే చిన్న ప్రోగ్రాముతో సరిపెట్టుకుంది. ప్రయోగాల అసలు సాఫ్ట్‌వేర్ చాలా పెద్దది, లినక్స్ కోసమే రాసినది. దాన్ని తిరగరాసే బదులు, 2011 నుంచి లినక్స్‌తో సహా వర్చువల్ యంత్రంలో పెట్టి వలంటీర్ల ఇళ్లకు పంపుతున్నారు.

వేగం సంగతికి వస్తే, ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ మీద నొక్కండి. వర్చువలైజేషన్ అన్న చోట డిసేబుల్డ్ అని ఉంటే, బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ ప్రాసెసర్ అయితే వీటీ-ఎక్స్‌ను, ఏఎండీ అయితే ఎస్‌వీఎం మోడ్‌ను ఆన్ చేయాలి. ఎనేబుల్డ్ అనే ఉంటే, వర్చువల్‌బాక్స్‌ను విడిగా తెరిచి ఏదైనా ఒక వర్చువల్ యంత్రాన్ని నడిపి, దాని కిటికీ అడుగున వరుసగా ఉండే చిన్న గుర్తులను చూడండి. అక్కడ ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే, ప్రాసెసర్‌లోని సదుపాయాన్ని విండోస్ సొంత హైపర్‌వైజర్ అయిన హైపర్-వి ముందే ఆక్రమించుకుందని, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నెమ్మదిగా నడవాల్సి వస్తోందని అర్థం. ఆ తాబేలు అలంకారం కోసం పెట్టినదనుకుని నేనొకసారి ఒక సాయంత్రమంతా వేరే సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను.

విండోస్ ఫీచర్స్ జాబితాలో హైపర్-వి, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్ అనే రెండింటికీ టిక్కు తీసేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే తాబేలు సాధారణంగా మాయమవుతుంది. విండోస్‌లో లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2 మీరు వాడుతుంటే అది ఆ తరువాత పనిచేయదు, కాబట్టి రెండింటిలో ఏది కావాలో ముందే నిర్ణయించుకోండి. అప్పటికీ తాబేలు పోకపోతే విండోస్ భద్రతా సెట్టింగుల్లో కోర్ ఐసొలేషన్‌లోని మెమరీ ఇంటెగ్రిటీ కారణం కావచ్చు. అది మాల్‌వేర్‌ను అడ్డుకునే రక్షణ కవచం కనుక, వలంటీర్ పని కోసం దాన్ని తీసేయమని నేను చెప్పను. అలాంటప్పుడు వర్చువల్‌బాక్స్ అక్కరలేని ప్రాజెక్టును బోయింక్ జాబితాలో ఎంచుకోండి.