గొంగడి ఉన్ని మీద పరిశోధనకి ప్రభుత్వం డబ్బులిస్తుందా? ఇస్తుంది, కానీ ముందు బొచ్చు కోత ఎప్పుడో కనుక్కోండి

మీ ప్రశ్న ఏంటంటే, గొంగడి నేసే దక్కనీ గొర్రెల ఉన్ని మీద చిన్న ప్రాజెక్టు చేయాలనుంది, ప్రభుత్వం నుంచి గ్రాంటు వస్తుందా, వస్తే ఎవరిని పట్టుకోవాలి అని. వస్తుందండీ. నేను అలాంటిదాంట్లో రెండేళ్ళు ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేశాను, ప్రాజెక్టు మా సార్ పేరు మీద వచ్చింది గానీ ఫైళ్ళు మోసింది నేనే.

నేరుగా ఉన్నికి సంబంధించింది జోధ్‌పూర్‌లో ఉన్న కేంద్ర ఉన్ని అభివృద్ధి మండలి, కేంద్ర జౌళి శాఖ కిందిది. వాళ్ళ సమీకృత ఉన్ని అభివృద్ధి కార్యక్రమానికి 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్ళకి ఇచ్చింది 126 కోట్లు, అదీ దేశం మొత్తానికి, లడఖ్ పష్మీనాతో కలిపి. అదే జౌళి శాఖ 2020లో జాతీయ టెక్నికల్ టెక్స్‌టైల్స్ (అందానికి కాకుండా ఏదో ఒక పనికోసం చేసే బట్టలు) మిషన్‌కి 1,480 కోట్లు పెడితే అందులో 1,000 కోట్లు ఒక్క పరిశోధనకే అనుకున్నారు. ఇప్పుడు ఏ దశ నడుస్తోందో, అప్లికేషన్లు తీసుకుంటున్నారో లేదో శాఖ వెబ్‌సైట్లో చూసుకోండి. తేడా మాత్రం అర్థమైందిగా, డబ్బు ఉన్నది ఉన్ని పేరు మీద కాదు, దాని వాడకం పేరు మీద.

మేము ఇక్కడే దెబ్బతిన్నాం. దక్కనీ ఉన్నిని ఎంజైములతో మెత్తబరిచి శాలువాలు, మఫ్లర్లు చేస్తామని ప్రపోజల్లో రాశాం. మెరినో ఉన్ని పోగు 24 మైక్రాన్ల లోపు ఉంటుంది, మనది దానికంటే బాగా లావు, చాలా పోగుల్లో మధ్యన బోలు కూడా ఉంటుంది, దాన్ని ఏ ఎంజైములో నానబెట్టినా మెరినో అవుతుందా? ఆఖరికి ఒక మఫ్లర్ తయారైతే మా అమ్మకిచ్చాను, మెడకి చుట్టుకున్న పది నిమిషాలకే గుచ్చుకుంటోందని తీసేసి కుర్చీ మీద పరుచుకుంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అసలు ఆ మొరటుదనం వల్లే కదా గొంగడి గొంగడైంది, చింతగింజల గంజి పట్టించి నేస్తే వానలో కప్పుకున్నా నీళ్ళు జారిపోతాయి, ఏళ్ళ తరబడి చిరగదు. కాబట్టి మీరు మెత్తదనం జోలికి పోకుండా ఇంటి పైకప్పు కింద వేడి ఆపే ఫెల్టు (ఉన్నిని అదిమి చేసే మందపాటి గుడ్డ) అనో, మొక్కల మొదట్లో పరిచే మల్చింగ్ చాప అనో రాయండి. ఉన్నిలో ఉండే కెరాటిన్ అనే ప్రొటీన్‌లో నత్రజని సుమారు 16 శాతం, కుళ్ళినా మట్టికి లాభమే.

ఇక టెన్షన్ పెట్టే సంగతి. మా మొదటి విడత డబ్బులు కాగితం మీద శాంక్షన్ అయ్యాయి గానీ చేతికొచ్చేసరికి బొచ్చు కోత అయిపోయింది. మెదక్ వైపు ఒక ఊళ్ళో కురుమ పెద్దాయనతో ముందే మాట్లాడుకున్నాం, తీరా వెళ్తే "గొర్రె మీ సంతకం కోసం ఆగుతదా సారూ" అన్నాడు. కత్తిరించిన కూలి కూడా రావట్లేదని బొచ్చంతా దొడ్డి వెనక పారబోశాడు. అందులోంచే నాలుగు సంచులు ఏరి తెచ్చాను. పల్లేరుకాయలు తీసి, కడిగి, ఆరబెడితే మూడు కూడా నిండలేదు. ఆ ఏడాది మా రిపోర్టు మొత్తం ఆ మూడు సంచులే. ఏడాదికి రెండు కోతలే ఉంటాయి, ఒకటి పోతే ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చోవాలి, ప్రాజెక్టు గడువు మాత్రం ఆగదు. ఆ పెద్దాయన లాంటివాళ్ళతో కోత ఎప్పుడో ముందే మాట్లాడుకుని ప్రపోజల్లో నెలతో సహా రాయండి, ఆ నెలకి మీ సొంత డబ్బులో కాలేజీ అడ్వాన్సో సిద్ధంగా పెట్టుకోండి.

ఇంకోటి, కాపరి జీఎస్టీ బిల్లు ఇవ్వడు, ఎక్కడినుంచి ఇస్తాడు. మా అకౌంట్స్ సెక్షన్ ఈ ఒక్క విషయానికే నాతో మూడు నెలలు తిప్పించుకుంది. చిన్న మొత్తాలకి కొటేషన్లు లేకుండా సర్టిఫికెట్ రాసి కొనే వీలు జీఎఫ్ఆర్ (కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు) 154వ నిబంధనలో ఉంది, ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో ముందే పెట్టండి. డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యూసీ (వినియోగ ధ్రువపత్రం) జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో ఇవ్వాలి, బ్యాంకులో పడిన వడ్డీ మనది కాదు, తిరిగి కట్టాలి. ఉన్ని ఏకి వడికే ఆడవాళ్ళ కూలిని 'ఇతర ఖర్చులు'లో కలపకుండా బడ్జెట్లో విడిగా ఒక హెడ్ (ఖర్చు పద్దు) అడగండి, మేము కలిపేసి రెండో ఏడు వాళ్ళకి ఇవ్వలేక తలదించుకున్నాం.

ఇంకా చిత్రం ఏంటంటే ఇటు ఉన్ని కోసం కేంద్రం డబ్బులిస్తుంటే, అటు 2017లో తెలంగాణలో 75 శాతం సబ్సిడీ మీద ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు మేము తిరిగిన ఊళ్ళకి వచ్చినవి ఎక్కువగా నెల్లూరు రకం. వాటికి ఉన్నే ఉండదు, వెంట్రుకలే. అందుకని అప్లై చేసే ముందు మీరనుకున్న ఊళ్ళో నల్ల దక్కనీ మందలు ఎన్ని మిగిలాయో ఒకసారి వెళ్ళి కళ్ళారా చూసి రండి. మీది ఏ జిల్లానో రాస్తే నేను తిరిగిన ఊళ్ళ పేర్లు చెప్తాను.